కొసరు గాలి

మా అన్నయ్య పక్కటెముకలు రెండు విరగ్గొట్టింది నేనే. ఎండాకాలం మొదట్లో, పట్టపగలు, కొట్టు ముందర, పదిమంది చూస్తుండగా. విరగ్గొట్టానన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు విరగ్గొట్టానో సగం మందికే తెలుసు. మిగతా సగం మంది తమకు తోచిన కారణం తాము పెట్టుకున్నారు. అన్నదమ్ములన్నాక కారణాలకేం కొదవ.

మాది టైర్ల కొట్టు. పంక్చర్లు, గాలి, పాత టైర్ల అమ్మకం. మాది అని అలవాటు మీద అంటున్నాను గాని కొట్టు అన్నయ్యది. నేను ఏడో తరగతిలో ఉండగా "పది రోజులు సాయం రారా, మనిషి దొరికేదాకా" అని తీసుకొచ్చాడు. మనిషి ఇంకా దొరకలేదు. నా నెత్తిన జుట్టు ఊడిపోయింది గాని ఆ పది రోజులు పూర్తి కాలేదు.

అన్నయ్యని వీధిలో గాలి మేస్త్రి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బండికి గాలి పడుతూ, గేజీలో ముల్లు చెప్పినచోటికి వచ్చాక కూడా గొట్టం తీసేవాడు కాదు. ఇంకొక్కసారి ఫుస్సుమని వదిలి, "ఇది నా కొసరు" అనేవాడు. తెలిసిన మొహమైతే రెండు ఫుస్సులు. ఎండల్లో గాలి ఉబ్బుతుంది, ఇంకా తగ్గించి పెట్టాలి గాని కొసరేమిటని నేనంటే, "కూరగాయలవాడు కూడా కొసరు వేస్తాడు, ఊరికే వచ్చే గాలికి నాకెందుకురా పిసినారితనం?" అనేవాడు. జనం మురిసిపోయేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎవరి ట్యూబో ఢామ్మంటే మళ్ళీ మా కొట్టుకే తోసుకొచ్చేవాళ్ళు. అప్పుడు కింద కూచుని అతికేవాణ్ణి నేను. కొసరు ఆయనది, అతుకు నాది.

ఆ రోజు ఒక లారీ వెనక చక్రం విప్పుతున్నాం. అన్నయ్య స్టూలు మీద కూచుని సిగరెట్టు వెలిగించాడు. "ఒరేయ్, ఆ పెద్ద..." అన్నాడు. పెద్ద స్పానరు అంటాడనుకుని నేను చెయ్యి చాచాను. ఆయన స్టూలు మీంచి ముందుకి ఒరిగి, మొహం టైరు మీద పెట్టేశాడు. ఆడుతున్నాడేమో అనుకున్నాను. ఆయన ఆడే మనిషి కూడా.

లారీ డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. మెడ దగ్గర వేలు పెట్టి చూసి, "గుండె కొట్టుకోవట్లేదు. వెల్లకిలా తిప్పు. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కు," అన్నాడు.

"నాకు రాదు."

"నాకు నేర్పించారు, కానీ నా భుజం విరిగి అతికింది, బలం చాలదు. నేను లెక్కపెడతా, నువ్వు నొక్కు. ఇంకా గట్టిగా. పిండి పిసుకుతున్నావా?"

నొక్కాను. లోపల ఏదో పుటుక్కుమంది, పచ్చికొమ్మ విరిగినట్టు. నేను చేతులు తీసేశాను.

"ఆపకు!" అని అరిచాడు డ్రైవరు. "ఎముకలు అతుక్కుంటాయి. మనిషిని అతకలేం."

రెండోది విరిగినప్పుడు నేను ఆపలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి, కరెంటు షాకిచ్చి, గుండెని మళ్ళీ కదిలించి తీసుకుపోయారు. డ్రైవరు నా వీపు మీద చరిచి, ఊడిన చక్రం ఎవరి చేతో బిగింపించుకుని వెళ్ళిపోయాడు. అతని మొహం ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేను.

*

గుండెలో మూసుకుపోయిన నాళం తెరిచారు. ఆ కష్టం అక్కడితో తీరిపోయిందనుకున్నాం. నిజానికి గుండె తన తప్పు తాను దిద్దుకుంది. తర్వాత మమ్మల్ని ఏడిపించినవి ఊపిరితిత్తులు. గుండె ఆగిపోయి పడున్నప్పుడు కడుపులోది కాస్త ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరి పోశారు. గొట్టం తీశాక దగ్గు. దగ్గితేనే లోపలి కళ్ళె బయటికి వస్తుందట. దగ్గుదామంటే నేను విరగ్గొట్టిన ఎముకలు.

"దిండు ఛాతీకి అదుముకుని దగ్గాలి," అని నర్సు నేర్పింది.

అన్నయ్య దిండు వాటేసుకుని నావైపు చూశాడు. "బతికించమంటే నలగ్గొట్టావు కదరా," అన్నాడు. గొట్టం తీశాక నాతో అన్న మొదటి మాట అదే. నర్సు నవ్వింది. వదిన కూడా నవ్వింది. నేనూ నవ్వాలి కాబట్టి నవ్వాను.

ఇంటికి పంపే రోజు ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఎప్పుడూ నిలబడే మాట్లాడేది, ఒక కాలు అప్పటికే పక్క మంచం వైపు తిరిగి ఉండేది.

"కొన్నాళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలి. ఒక లీటరు. వేలికి క్లిప్పు పెడితే అంకె చూపిస్తుంది. అది ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు మధ్య ఉంటే చాలు."

"వందకా?" అంది వదిన.

"వందకే. అందరికీ ఇంత తక్కువ చెప్పం. ఈయన ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగారు, రబ్బరు దుమ్ము పీల్చారు. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉన్నాయి. ఈయనకి ఆక్సిజన్ ఎక్కువ పెడితే లోపలి చెడుగాలి బయటికి పోకుండా పేరుకుపోతుంది. మత్తు కమ్ముతుంది. అందుకని పెంచకండి."

ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ వదిన నా చెవి దగ్గర అంది, "పక్క మంచం ఆయనకి నాలుగు లీటర్లు పెట్టారు, చూశావా? మనకి ఒకటి."

"ఆయన జబ్బు వేరు వదినా."

"జబ్బు వేరు కాదు మరిదీ, మొహాలు చూసి పెడతారు."

*

ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం. మంచం పక్కన మిషను. చిన్న బీరువా అంత ఉంటుంది, పొద్దస్తమానం హోరుమంటుంది. దాని ముందర ఒక గాజు గొట్టం, అందులో గోళీ. కింద మర తిప్పితే గోళీ పైకి లేస్తుంది, ఎంత లేస్తే అన్ని లీటర్లు. దాన్నుంచి సన్నటి పైపు నేల మీదుగా అన్నయ్య ముక్కు దాకా. అందరం ఆ పైపు దాటుకుంటూ తిరిగేవాళ్ళం. పైన రేకులు కాగుతుంటే, పక్కన మిషను వెచ్చగా ఊదుతుంటే, ఆ గది కొలిమిలా ఉండేది. వీధిలోంచి ఎవరు పరామర్శకి వచ్చినా ముందు జేబులో అగ్గిపెట్టె గుమ్మంలో పెట్టించేది అమ్మ. "మా ఇంట్లో గాలికి కూడా అంటుకుంటుంది నాయనా," అనేది, అదేదో గొప్ప అయినట్టు.

క్లిప్పు మొదటిరోజు ఎనభై తొమ్మిది చూపించింది. అన్నయ్య కూతురు కాలేజీ నుంచి వచ్చి చూసి కెవ్వుమంది.

"ఎనభై తొమ్మిదేంటి బాబాయ్! నాకు ఎనభై తొమ్మిది వస్తే నాన్న రెండు రోజులు మాట్లాడడు."

"నాకు జన్మలో ఎనభై తొమ్మిది రాలేదు," అన్నాను. "నాకైతే ఫస్టు క్లాసులా ఉంది."

"నీకేం తెలుసు," అంది మంచం మీంచి అన్నయ్య గొంతు. "నువ్వు బడికి వెళ్ళావా?"

నేను గ్లాసు కింద పెట్టి కొట్టుకి వెళ్ళిపోయాను. ఒక్కణ్ణే నడపాలి మరి. పొద్దున తీస్తే చీకటి పడేదాకా వంచిన నడుం ఎత్తేది లేదు. ఇంటికి వచ్చేసరికి స్నానం, తిండి, పడక. ముందుగదిలో ఏం జరుగుతోందో నాకు గడప దగ్గర వినిపించినంతే.

వినిపించింది మాత్రం అంతా శుభమే. "ఇవాళ తొంభై మూడు!" అని వదిన ఎదురొచ్చి చెప్పేది. తర్వాత తొంభై అయిదు. తర్వాత తొంభై ఏడు. పక్కింటావిడకి గోడ మీంచి చెప్పేది, పిల్లకి ర్యాంకు వచ్చినట్టు. అన్నయ్య బుగ్గలు ఎర్రబడ్డాయి. అమ్మ ఆ బుగ్గలు చూసి, "మొహంలో కళ వచ్చింది. పెళ్ళినాడు కూడా ఇంత రంగు లేదు నా కొడుక్కి," అని మెటికలు విరిచింది.

నిద్ర కూడా బాగా పడుతోందన్నారు. ముందు రాత్రి పడేది, తర్వాత మధ్యాహ్నం కూడా, తర్వాత మాట మధ్యలో. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఊపిరి బొమ్మ ఒకటుండేది. మూడు బంతులుంటాయి, గట్టిగా పీలిస్తే ఒకటొకటీ లేస్తాయి. ఒక బంతి లేపేవాడు కాస్తా అదీ లేపడం మానేశాడు. "పొద్దున్నే తలనొప్పి" అనేవాడు. ఎండ కదా అన్నాం. చెంచా పట్టుకుంటే చెయ్యి రెక్కలా కొట్టుకునేది. నీరసం కదా అన్నాం. ఒకరోజు నేను చొక్కా మార్చుకుంటుంటే నన్ను చూసి, "నాన్నా, చిన్నోడు అన్నం తిన్నాడా?" అన్నాడు. నాన్న పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చిన్నోణ్ణి నేనే.

"తిన్నాడు," అన్నాను.

మర్నాడు పొద్దున ఎంత లేపినా లేవలేదు. కళ్ళు తెరవడు. ఒళ్ళు వెచ్చగా, మొహం గులాబీ రంగులో, ఏడాది పిల్లాడు నిద్రపోతున్నట్టు. వేలికి క్లిప్పు పెడితే తొంభై తొమ్మిది. వదిన ఆ అంకె చూసుకుంటూ, "అంతా బాగానే ఉంది కదా, అంతా బాగానే ఉంది కదా," అంటూ ఆయన చెంపలు కొడుతోంది.

*

ఈసారి మొహానికి బిగుతుగా మాస్కు కట్టారు. లోపలికి గాలి నెట్టి, లోపలి గాలి బయటికి పోయేలా చేసే మాస్కు. పట్టీలు ఎంత బిగించారంటే ముక్కు మీద చర్మం కమిలింది. మేము వరండాలో బల్ల మీద కూచున్నాం: అమ్మ, వదిన, పిల్ల. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ వచ్చింది. "రక్తంలో చెడుగాలి నిండిపోయింది. నేను ఒక లీటరు రాసి పంపాను. మీ ఇంట్లో మిషన్ ఎంత మీద ఉంది?"

వదిన కొంగు వేలికి చుట్టుకుంది.

"నేను అరే పెంచానండీ," అంది చివరికి. "ఆయనే అన్నారు, కాస్త కొసరు వెయ్యవే అని. ఒట్టు, అరే."

పిల్ల తల ఎత్తింది. "నేను కూడా ఒక అర తిప్పాను. నువ్వు పెంచావని నాకు తెలీదమ్మా. రోజుకి కొంచెం... వందకి దగ్గర పడుతోంది కదా అని."

ఇద్దరూ అమ్మవైపు చూశారు.

"నన్నేం చూస్తారు," అంది అమ్మ. "ఆ అంకెలు నాకు కనపడి చస్తేగా. వాడు నిద్దర్లో ఆయాసపడుతుంటే చేతికొచ్చినంత తిప్పాను. తల్లిని. నేను తిప్పకపోతే ఎవరు తిప్పుతారు?"

డాక్టరమ్మ అప్పుడు కూచుంది. ఆవిడ కూచోవడం నేను చూడటం అదే. బల్ల చివర, అమ్మ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"మీ అందరికీ ఆయనంటే ఎంత ప్రేమో నాకర్థమైంది," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మళ్ళీ ఇలాగే జరిగితే నేను కూడా ఏం చెయ్యలేను. మీ ఇంట్లో ఆయనంటే అంత ప్రేమ లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ముగ్గురూ నావైపు తిరిగి చూశారు.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ముగ్గురిలో ఒక్కరు కూడా.

*

అలా మర నా చేతికొచ్చింది. అన్నయ్యని మళ్ళీ ఇంటికి తెచ్చాక నేను ఇంట్లో కూచోవాల్సి వచ్చింది. కొట్టు ఎలా అంటే, "నేను చూసుకుంటా," అంది వదిన. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కొట్టులో అడుగుపెట్టింది తిండి క్యారేజీ ఇవ్వడానికే. మొదటివారం టైరు ఊడదీసే కడ్డీ ఎటు పట్టుకోవాలో ఫోనులో చెప్పాను. రెండోవారం ఫోను చెయ్యలేదు. అన్నయ్య మంచానికి ఎదురుగా నేను కుర్చీ వేసుకుని కూచున్నాను, చేతికి పనిలేక, పాత ట్యూబు రబ్బరు ముక్క కోసి ఆ మరకి బిగుతుగా చుట్టాను. నేను తప్ప ఇంకొకరు తిప్పాలంటే ముందు అది విప్పాలి.

"తాళం కూడా వెయ్యి," అన్నాడు అన్నయ్య.

"దొరికితే వేద్దును."

"నేను కూడా ఒకసారి తిప్పాను తెలుసా," అన్నాడు రహస్యంలా. "అందరూ నిద్రపోతుంటే. నా మిషను, నా ముక్కు. ఆ డాక్టరమ్మ ఏం చేస్తుంది?"

అంటే నలుగురు. ఆసుపత్రిలో ముగ్గురి లెక్కే తేలింది.

ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. నడిచొస్తే అంకె పడిపోతుంది. భయపడొద్దు. కూచోబెట్టు, మూతి సున్నాలా చుట్టి మెల్లగా ఊదమను, దానంతటదే లేస్తుంది. లేవకపోతే నాకు ఫోన్ చెయ్యి, మర మాత్రం ముట్టుకోకు. ఫోను నంబరు నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

ఒక మధ్యాహ్నం. పిల్ల కాలేజీలో, వదిన కొట్టులో, అమ్మ లోపలి గదిలో. బయట ఎండ తెల్లగా కొడుతోంది. అన్నయ్య స్నానాల గదికి వెళ్ళి గోడ పట్టుకుని తిరిగొచ్చాడు. నేను లేచి పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. మంచం అంచున కూలబడి నోరు తెరిచాడు. గొంతు కింద గుంట లోపలికీ బయటికీ పోతోంది. క్లిప్పు పెట్టాను. ఎనభై అయిదు.

"పెట్టరా," అన్నాడు.

"మూతి చుట్టు. ఊదు."

"పెట్టు... కొంచెం."

"ఊదు అన్నయ్యా. ముందు బయటికి వదులు. వదిలితేనే లోపలికి వస్తుంది."

ఆయన మిషను వైపు చెయ్యి చాచాడు. నేను మధ్యలో నిలబడ్డాను. అడ్డం వచ్చానని కాదు. నా కాళ్ళు అక్కడికి పోయాయి. ఆయన తలెత్తి నావైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ కలిపాడు. పైకెత్తి, నా మొహం ముందర.

మా అన్నయ్య నాకు దండం పెట్టాడు. నన్ను ఎత్తుకు తిప్పినవాడు, నన్ను బడి మానిపించినవాడు, నా చేత ఈ వయసు దాకా గ్రీజు కడిగించినవాడు.

"నీకు దండం పెడతారా. నా వల్ల కావట్లేదు."

"ఊదు."

"పగ తీర్చుకుంటున్నావురా," అన్నాడు. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. "బడి మానిపించానని. కొట్టు రాసివ్వలేదని. నాకు తెలుసు. పగరా నీకు."

"అవును," అన్నాను. "పగే. ఊదు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఆయాసానికి వచ్చినవో, నా మాటకి వచ్చినవో చెప్పలేను. మూతి చుట్టాడు. కోపంతో ఊదాడు, నా మొహం మీదికి. వేడి గాలి. మళ్ళీ ఊదాడు. నేను క్లిప్పు చూస్తున్నాను, ఆయన మొహం చూడలేక. ఎనభై అయిదు. ఎనభై అయిదు. ఫోను జేబులోంచి తీశాను. ఎనభై ఆరు. గొంతు కింద గుంట కాస్త నెమ్మదించింది. ఎనభై ఎనిమిది అయ్యాక ఆయన వేలికున్న క్లిప్పు తీసి నేల మీద పడేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను మంచం కింద నుంచి క్లిప్పు తీసుకున్నాను. నా చొక్కా వీపంతా తడిసిపోయింది. మర మీద రబ్బరు చుట్టు అలాగే ఉంది. చెయ్యి పెట్టి చూశాను, ఊరికే. తిప్పాలంటే ఎంతసేపు పట్టేది. చిటికెడు పని.

లోపలి గదిలోంచి అమ్మ అరిచింది, "ఏంట్రా చిన్నోడా ఆ గొడవ?"

"ఏం లేదు. ఊదుతున్నాడు."

*

ఆ రోజు నుంచి అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. కావలసినవి అమ్మకి చెప్పేవాడు, అమ్మ నాకు చెప్పేది, నేను ఆయన ఎదురుగా కూచునే వినేవాణ్ణి. "వాణ్ణి ఆ కిటికీ తెరవమను." తెరిచేవాణ్ణి. "వాణ్ణి నా మొహంలోకి చూడొద్దను." అదొక్కటి కుదరలేదు, నాకప్పగించిన పనే అది.

వదిన చీకటి పడ్డాక కొట్టు నుంచి వచ్చేది, చేతులకి నల్లటి మరకలతో. చేతులు కడుక్కుంటూ నాతో అనేది, "ఏవయ్యా మరిదీ, ఇన్నేళ్ళు ఈ నడుం నొప్పి ఎవరికీ చెప్పకుండా ఎలా దాచుకున్నావు?"

"చెప్పాను వదినా. మీరు వినలేదు."

ఆవిడ కాసేపు కుళాయి అలాగే వదిలేసి నిలబడింది.

మాట్లాడకపోయినా అన్నయ్య మాత్రం ఊదేవాడు. నామీద కసితో ఊదేవాడని అమ్మ అనేది. బొమ్మలో రెండు బంతులు లేచాయి. దిండు అదుముకుని దగ్గితే కళ్ళె తెగి వచ్చేది. తలనొప్పి పోయింది. పొద్దున లేవగానే ముందురోజు సంగతులు గుర్తుండేవి, నా సంగతితో సహా. ఆసుపత్రికి తీసుకువెళ్తే డాక్టరమ్మ అర లీటరు చెయ్యమంది. తర్వాత నడిచేటప్పుడు మాత్రమే అంది. నడిపించి చూసింది, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి. నేను వెనకాలే మోస్తున్న చిన్న సిలిండరు మర తిప్పనేలేదు.

"ఇంక అవసరం లేదు," అంది. "సిగరెట్టు ముట్టుకున్నారంటే మాత్రం నా దగ్గరికి రావద్దు. మర ఎవరు చూసుకున్నారు ఇంట్లో?"

"ఇంట్లోవాళ్ళే," అన్నాడు అన్నయ్య, గోడ మీద ఏదో చదువుతున్నట్టు.

మిషను తీసుకుపోవడానికి మనిషి వచ్చిన రోజు మొదటి వాన పడింది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని గుమ్మం దాటించి బండెక్కించాం. నేను తడిసి లోపలికి వచ్చేసరికి గదిలో హోరు లేదు. ఇన్నాళ్ళూ ఆ హోరులో మాట్లాడటం అలవాటై, వాన చప్పుడు కూడా కొత్తగా వినిపించింది. అన్నయ్య గుమ్మం పక్కన కుర్చీలో కూచుని ఉన్నాడు. ముక్కు కింద పైపు రాసుకున్న ఎర్రటి గీత ఇంకా పోలేదు.

"ఆ రోజు దండం పెట్టాను," అన్నాడు.

నేను తల తుడుచుకుంటూ ఆగిపోయాను. లోపల అమ్మ ఉందేమో, ఆవిడతో అంటున్నాడేమో అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"పెంచాలనిపించలేదా నీకు?"

"అనిపించింది."

"మరి?"

"పెంచలేదు."

వీధిలో నీళ్ళు పారడం చూశాడు. "నీ చోట నేనుంటే పెంచేసేవాణ్ణిరా," అన్నాడు. "అంత బతిమాలితే."

"తెలుసు," అన్నాను. "నువ్వు మంచోడివి."

నవ్వాడు. నేనూ నవ్వుతాననుకోలేదు, నవ్వాను. ఆయన నవ్వు మధ్యలో తెగి దగ్గయింది. రెండు చేతులతో పక్కటెముకలు పట్టుకుని ముందుకు వంగాడు. మెడ నరాలు ఉబ్బాయి. నా చెయ్యి దానంతటదే పక్కకి పోయింది. అక్కడ మిషను లేదు, నేల మీద అది నిలబడినంత మేర దుమ్ములేని చదరం ఉంది.

నేను చెప్పకముందే ఆయనే మూతి చుట్టి ఊదాడు. మళ్ళీ పీల్చాడు. క్లిప్పు కోసం వెతకలేదు ఆయన, నేనూ వెతకలేదు. గుమ్మంలోంచి తడిగాలి వస్తోంది, ఆ గాలే లోపలికి పోయింది, ఆ గాలే బయటికి వచ్చింది.

తేరుకున్నాక మొహం తుడుచుకుని నావైపు చూశాడు.

"చూస్తావేంట్రా," అన్నాడు. "వానలో మీ వదిన ఒక్కతే ఉంది. కొట్టుకి పో."

పోయాను.